బైపీసీ ఖాళీ చేయించిన ఆదివారాలు

నా సర్వీసులో నేను సాధించిన ఘనకార్యాల్లో ఒకటి, కోరుకొండ వైపు ఉన్న ఒక ఆడపిల్లల గురుకుల కాలేజీలో బైపీసీ గ్రూపును దాదాపు ఖాళీ చేయించడం. పిల్లలూ, మీరూ డాక్టర్లు అవ్వండమ్మా అని ఉత్సాహపరచడానికి వెళ్ళి మరీ చేసిన పని ఇది. ఇప్పుడు మెడికల్ కాలేజీల కుర్రకారు హాస్టళ్ళకు వెళ్ళి అక్కడి పిల్లలకు తోడుగా ఉంటున్నారని, దారి చూపిస్తున్నారని వింటుంటాను. మంచిదే, వెళ్ళండి నాయనా. వెళ్ళే ముందు ఈ నాలుగు ముక్కలూ చదివి వెళ్ళండి.

నేను కమ్యూనిటీ మెడిసిన్ పాఠాలు చెప్పేదాన్ని. అంటే ఏమిటో తెలియని వాళ్ళ కోసం చెబుతున్నాను: మంచినీళ్ళు, మరుగుదొడ్లు, దోమలు, టీకాలు. ఏ పుణ్యాత్ముడు వేశాడో గానీ, టైంటేబుల్లో మా క్లాసు ఎప్పుడూ భోజనం తర్వాతే ఉండేది. సర్జరీ వాళ్ళు కత్తి పడితే పిల్లలు ఊపిరి బిగబట్టి చూస్తారు. నేను దోమ బొమ్మ వేస్తే హాయిగా కునుకు తీస్తారు. వాళ్ళను లేపి ఉంచడానికి గట్టిగా మాట్లాడటం అలవాటైపోయి, ఇంట్లో కూడా అదే గొంతు వచ్చేది. "వినిపిస్తోందే బాబూ, నేనేం వెనక బెంచీలో లేను" అనేవారు మా ఆయన.

రిటైర్మెంటు దగ్గర పడుతుండగా నాకో ఆలోచన పుట్టింది. ఆ గురుకులంలో చదివేది కూలీల పిల్లలు, చేపలు పట్టే వాళ్ళ పిల్లలు, ఏజెన్సీ పక్క ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలు. కొందరి ఇళ్ళలో పదో తరగతి దాటిన మొదటి మనిషి ఆ పిల్లే. వాళ్ళ దృష్టిలో డాక్టరంటే బల్ల వెనక కూర్చుని, తలెత్తకుండా మందులు రాసే ప్రాణి. అలా కాకుండా, తమకంటే రెండు మూడేళ్ళే పెద్దయిన అక్కో అన్నో పక్కన కూర్చుని మాట్లాడితే ఆ భయం పోతుంది కదా అనుకున్నాను. అప్పుడే వార్డుల్లో అడుగుపెట్టిన మా సెకండియర్ పిల్లల్ని అడిగితే, నేను నేను అని ఎగబడ్డారు. ఎంత సేవాభావం అని మురిసిపోయాను. గురుకులంలో ఆదివారం చికెన్ పెడతారన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

మా వాళ్ళలో ఇద్దరి గురించి చెప్పాలి. ఒకమ్మాయి మండపేటలో కిరాణా కొట్టు వాళ్ళ పిల్ల. గలగలా మాట్లాడేది, పరీక్షలో మాత్రం నోట మాట వచ్చేది కాదు. రెండోవాడు ఒక పొడుగు కుర్రాడు. ఎవరూ అడక్కపోయినా తన ర్యాంకు తనే చెప్పుకునేవాడు.

కొట్టు అమ్మాయికి అప్పజెప్పిన పిల్లది జంగారెడ్డిగూడెం వైపు. తండ్రి ఆయిల్‌పామ్ తోటల్లో గెలలు కోస్తాడు, తల్లి జీడిపిక్కల ఫ్యాక్టరీలో పప్పు తీస్తుంది. ఆ పిల్ల నోరు విప్పడమే తక్కువ, విప్పిందంటే మాత్రం ఎదుటివాళ్ళ పని అయిపోయిందే! మొదటి ఆదివారమే నన్ను పట్టుకుంది.

"మేడం, దోమ మనల్ని కుడుతుంది కదండి. మరి దోమని ఏమన్నా కుడుతుందాండి?"

దోమల మీద నా జీవితమంతా పాఠం చెప్పాను. ఒక్కడంటే ఒక్కడు ఈ ప్రశ్న అడగలేదు, నాకూ తోచలేదు. "వచ్చే వారం చెబుతా" అని గంభీరంగా ముఖం పెట్టి, ఇంటికి వచ్చి పుస్తకాలు తిరగేశాను. కుడుతుందిట! నలకంత పురుగు ఒకటి ఉందిట, రక్తం తాగి ఉన్న దోమ పొట్ట మీద కూర్చుని అది మళ్ళీ పీలుస్తుందిట. ఈ పిల్ల డాక్టర్ కాకపోతే ఇంకెవరవుతారు అని అక్కడి జూవాలజీ మేడం, నేను కలిసి తీర్మానించేశాం. ఆ పిల్లకూ ఏడో తరగతి నుంచి అదే కోరికట.

కొన్ని ఆదివారాలు అలా సాగాయి. ఒకరోజు ప్రిన్సిపాల్ గారి నుంచి ఫోన్ వచ్చింది. ఆయన లూథరన్ చర్చిలో సంఘపెద్ద. ఆదివారం ఆరాధన ముగించుకుని తెల్లబట్టలతోనే కాలేజీకి వచ్చేసేవారు. మనిషి నెమ్మది, మాట ఇంకా నెమ్మది.

"ఆయ్, నమస్కారమండి మేడం గారూ. బాగున్నారాండి?"

"బాగున్నానండి, చెప్పండి."

"ఆయ్. మీ పిల్లలు చాలా మంచోళ్ళండి. ఎంత ఓపిగ్గా మాట్లాడతారో అండి."

ఇలా మొదలైందంటే ఏదో కొంప మునిగిందన్నమాటే. మన వైపు చెడ్డ కబురు కాళ్ళు కడుక్కుని, కూర్చుని, మంచినీళ్ళు తాగితే తప్ప నోరు విప్పదు.

"ఏమైందండి?" అన్నాను.

"ఏం లేదండి. మీవాళ్ళు రావడం మొదలెట్టిన కాణ్ణుంచి మా బైపీసీ పిల్లలు సీఈసీకి మారిపోతామంటున్నారండి. ఇప్పటికి నలుగురు అడిగారండి. మిగతావాళ్ళు గుసగుసలాడుకుంటున్నారండి. జూవాలజీ మేడం అన్నం తినట్లేదండి."

"ఎందుకు మారతారుట?"

"డాక్టర్ చదువంటే భయమేస్తోందంటండి. మొదట అడిగింది ఆ జంగారెడ్డిగూడెం పిల్లేనండి. గ్రూపు మార్చుకోడానికి సోమవారమే ఆఖరండి. సంతకం పెట్టడానికి ఆదివారం వాళ్ళమ్మగారు వస్తున్నారండి. అది మారిందంటే తక్కినవాళ్ళూ దాని వెనకాలేనండి." కాస్త ఆగి, ఇంకా నెమ్మదిగా, "మీరేమీ అనుకోకపోతే, వచ్చే ఆదివారం మీ పిల్లలు కొంచెం రెస్టు తీసుకుంటే..." అన్నారు.

మా పిల్లల రెస్టు సంగతి తర్వాత! నాకు ఒళ్ళు మండిపోయింది. మర్నాడు పొద్దున్నే అందర్నీ నా గదిలో నిలబెట్టాను.

"అక్కడ ఏం చెప్పారర్రా మీరు?"

"మోటివేట్ చేశాం మేడం" అన్నాడు పొడుగు కుర్రాడు.

"ఏమని?"

"మేం పడ్డ కష్టాలన్నీ చెప్పాం మేడం. ఎంత కష్టపడితే సీటొచ్చిందో తెలియాలి కదా."

అప్పుడు మొదలైంది. ఒకళ్ళని మించి ఒకళ్ళు! తెల్లవారుజామున లేచి, నిద్ర రాకుండా బకెట్టు నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని చదివాడట ఒకడు. కామెర్లతో పరీక్ష రాసిందట ఇంకొకతె. మార్కులు తగ్గినవాళ్ళ పేర్లు కోచింగ్ మెస్‌లో మైకులో చదివేవారట, తింటున్న ముద్ద గొంతులో ఆగిపోయేదట. కొట్టు అమ్మాయి తన జుట్టంతా ఎలా ఊడిపోయిందో చెప్పి, పిల్లలకి పాత ఫొటో, కొత్త ఫొటో పక్కపక్కన పెట్టి మరీ చూపించిందట. "మా తాతగారు పోతే నాకు పరీక్షలయ్యాక చెప్పారు మేడం" అన్నాడు పొడుగువాడు, మెడల్ చూపిస్తున్నట్టు ఛాతీ విరుచుకుని.

వాళ్ళు చెప్పింది ఒక్కటీ అబద్ధం కాదు. అదే నా బాధ. మెడికోల లోకంలో ఇదొక ఆచారం. మెస్ బల్ల దగ్గర కూర్చుంటే ఎవరు ఎక్కువ పాట్లు పడితే వాళ్ళే గొప్ప. ఎంత ఏడిస్తే అంత పెద్దరికం. మా కాలంలోనూ అంతే, మేం పుర్రెలు మంచం కింద పెట్టుకుని పడుకున్న కథలు చెప్పుకునేవాళ్ళం. ఆ కోతలు మాలో మాకు ముద్దు. ఎవరూ తోడులేని పదహారేళ్ళ పిల్ల ముందు కూర్చుని అవే కోస్తే, ఆ పిల్ల వాటిని నమ్ముతుంది కదా!

"ఆ పిల్ల ఏమంది?" అని కొట్టు అమ్మాయిని అడిగాను.

ఆమె నేల చూపులు చూస్తూ చెప్పింది. "ఇప్పుడైనా నిద్రపోతున్నావా అక్కా అని అడిగింది మేడం. ఇప్పుడు ఇంకా కష్టం అన్నాను. కాసేపు ఆలోచించి, మా అమ్మకి ఫ్యాక్టరీలో ఆదివారం సెలవుంటదక్కా అంది."

నాకు నవ్వూ, ఏడుపూ ఒక్కసారే వచ్చాయి.

"మీ నాన్నగారు కొట్లో కందిపప్పు ఎలా అమ్ముతారమ్మా? 'ఇది ఉడకదండి, నిండా రాళ్ళండి, మేం తిని మంచాన పడ్డామండి, మీరూ ఓ కేజీ తీసుకోండి' అంటారా?"

"అలా అంటే కొట్టు మూసుకోవాలి మేడం."

"మరి మీరు మూయిస్తున్నది ఏంటి?"

సరే, అయిందేదో అయింది, ఆదివారం వెళ్ళి సరిచేద్దాం అనుకున్నాను. "ఈ చదువులో మీకు నచ్చినది, మీకు సంతోషం కలిగించినది ఒక్కటి చెప్పండి. అదే వాళ్ళకి చెబుదాం" అన్నాను.

ఒకళ్ళ ముఖాలు ఒకళ్ళు చూసుకున్నారు. చివరికి ఒకడు ధైర్యం చేసి, "క్యాంటీన్‌లో పునుగులు బాగుంటాయి మేడం" అన్నాడు. ఇంకొకడు, తెల్లకోటు వేసుకుని ఎక్కితే బస్సులో సీటిస్తారన్నాడు. అంతే. ఇక ముందుకు సాగలేదు జాబితా.

అప్పటిదాకా కోపంగా ఉన్నదాన్ని, వాళ్ళను చూస్తే జాలేసింది. కోరుకున్న సీటు చేతికొచ్చింది, అమ్మానాన్నలు ఊరంతా చెప్పుకుంటున్నారు, పిల్లల దగ్గర మాత్రం పునుగులు తప్ప ఇంకో సంతోషం లేదు. ఆ రాత్రి మా ఆయనతో అంటే, "నిన్నడిగితే నువ్వేం చెప్పేదానివి?" అన్నారు. నేను వంటింట్లో పనుందని లేచి వెళ్ళిపోయాను.

ప్రిన్సిపాల్ గారిని ఈ ఒక్క ఆదివారానికి ఎలాగో ఒప్పించాను. వ్యాన్‌లో బయల్దేరుతూ మా వాళ్ళకి గట్టిగా చెప్పాను: బకెట్టు, కామెర్లు, జుట్టు, తాతగారు, ఈ మాటలు ఎవరి నోటా రాకూడదు. పొడుగు కుర్రాడు 'వైద్యం, మానవసేవ' అని ఉపన్యాసం తయారుచేసుకుని వచ్చాడు. పిల్లల్ని హాల్లో కూర్చోబెట్టాక లేచి దంచడం మొదలుపెట్టాడు. పదినిమిషాల్లో వెనక వరసలో తలలు వాలాయి. మా డిపార్టుమెంటులోకి తీసుకోదగ్గ కుర్రాడు అనుకున్నాను.

జంగారెడ్డిగూడెం పిల్ల మాత్రం వాడినే చూస్తూ కూర్చుంది. ఉపన్యాసం ముగిశాక లేచి నిలబడింది.

"అన్నా, ఇవన్నీ సరే. నీకిష్టమేనా?"

వాడు నా వైపు చూశాడు. వాడి ఇష్టం నాకెలా తెలుస్తుంది? "అంటే... ఇష్టమే..." అని కూర్చున్నాడు. ఆ పిల్ల "సరే అన్నా" అని మర్యాదగా తల ఊపింది. ఆ తల ఊపడం చూసి, అయిపోయింది, ఈ పిల్ల చెయ్యి జారిపోయింది అనుకున్నాను.

భోజనాల వేళకి తల్లి వచ్చింది. రెండు బస్సులు మారి, ఎండలో నడిచి వచ్చింది. ప్రిన్సిపాల్ గారి గదిలో కుర్చీ చివర కూర్చుని, చేతులు రెండూ పైటకొంగులో దాచుకుంది. ప్రిన్సిపాల్ గారు, నేను, కొట్టు అమ్మాయి ఉన్నాం. ఆ పిల్ల గుమ్మం దగ్గర నిలబడింది. చివరి ప్రయత్నంగా తల్లికి నచ్చజెప్పాలని కొట్టు అమ్మాయిని నేనే తీసుకొచ్చాను. వ్యాపారస్తుల పిల్ల కదా, కాస్త మాటకారితనం చూపిస్తుందని నా ఆశ.

"పిల్ల ఇష్టం ఎలాగుంటే అలాగేనండి" అంది తల్లి. "మాకేం తెలుస్తదండి. సంతకం ఎక్కడెట్టాలో చెప్పండి."

ప్రిన్సిపాల్ గారు నిట్టూర్చి పెన్ను అందించారు. దాన్ని అందుకోవడానికి ఆవిడ కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది.

వేళ్ళన్నీ నల్లగా కమిలిపోయి ఉన్నాయి. కొసల్లో చర్మం పొరలు పొరలుగా లేచింది. వేళ్ళ సందుల్లో పగుళ్ళు, ఎర్రగా పచ్చి పుండులా.

కొట్టు అమ్మాయి లేచి వెళ్ళి ఆవిడ ముందు నేల మీదే కూర్చుని, ఆ చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"ఏంటండి ఇది?"

"ఏం లేదమ్మా, జీడి. పిక్కల్లోంచి కారే జిడ్డు. మా పనిలో అందరికీ ఇంతే."

"మంటగా ఉంటుందా, దురదగానా?"

"ఏం ఉండదమ్మా, అలవాటైపోయింది."

"పనిలోకి వెళ్ళని రోజు కాస్త తగ్గుతుందా? ఇంకెక్కడన్నా ఉందా, ముఖం మీదగానీ, మెడ మీదగానీ?"

పరీక్షలో నీళ్ళు నమిలే పిల్ల ఇదేనా అని నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. గొంతు తగ్గింది, తొందర లేదు. నేనక్కడ ఉన్నానన్న సంగతే మర్చిపోయింది. బైపీసీ, సీఈసీ, సోమవారం, అన్నీ మర్చిపోయింది. ఒక్కో వేలూ తిప్పి చూస్తూ, ఒక్కో ప్రశ్నా అడిగి జవాబు కోసం ఆగుతోంది. తల్లి మాత్రం అన్నింటికీ ఏం లేదమ్మా, ఏం లేదమ్మా అంటోంది.

"అబద్ధమక్కా!"

గుమ్మం దగ్గర్నుంచి వచ్చిందా మాట. అందరం అటు తిరిగాం.

"చెంచాతో తింటదక్కా అన్నం. చేత్తో కలపదు. కారం తగిల్తే మంట."

"నోర్ముయ్యవే, పెద్దోళ్ళ ముందర" అంది తల్లి.

పిల్ల నోరు ముయ్యలేదు. లోపలికి వచ్చి కొట్టు అమ్మాయి పక్కనే కూర్చుంది.

"అమ్మా, పన్లోకెళ్ళే ముందు ఆముదం రాసుకుంటున్నావా?"

"రాత్తన్నానే."

"గ్లౌజులిచ్చారన్నావు. ఏయి?"

"ఉన్నాయిలే."

"ఉంటే ఏసుకోవా?"

పిల్ల వదల్లేదు. అచ్చం అక్కలాగే, అడిగి ఊరుకుంది. జవాబు వచ్చేదాకా ఊరుకుంది.

"అయి ఏసుకుంటే ఏళ్ళు ఆడవే. పప్పు ఇరిగిపోద్ది. ఇరిగితే మేస్త్రీ తిడతాడు" అంది తల్లి చివరికి.

"ఆ చెయ్యి కూడా చూపించు."

దొంగసొత్తు బయటపెట్టినట్టు ఆవిడ రెండో చెయ్యి తీసింది. అది ఇంకా ఘోరంగా ఉంది, చర్మం చిట్లి రసి కారుతోంది. "దీనికేం పూశావమ్మా?" అంది పిల్ల, ఈసారి చిన్నగా.

"కిరసనాయిలెట్టి రుద్దానే. నలుపు వదుల్తదని." తల్లి మా అందర్నీ ఒకసారి చూసి తల దించుకుంది. "నీ కాలేజీకి వస్తన్నాను కదా."

ప్రిన్సిపాల్ గారు కళ్ళజోడు తీసి తుడుచుకోవడం మొదలుపెట్టి, ఎంతకీ ఆపరు. కొట్టు అమ్మాయి నా వైపు తిరిగి, "మేడం, ఇంతవరకే నాకు తెలుసు. తర్వాత తెలీదు" అంది. ఆ మాట మా ప్రొఫెసర్ల నోటి నుంచి కూడా అంత తేలిగ్గా రావడం నేను చూడలేదు. నేను చేతులు చూసి, కిరసనాయిలు ఈరోజుతో బంద్ అన్నాను, పుళ్ళు మానేదాకా జీడి ముట్టుకోవద్దన్నాను, మా ఆసుపత్రిలో చర్మం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తానన్నాను. తొడుగు వేసుకున్నా వేళ్ళు ఆడేలా పల్చటివి ఉంటాయని, అవి తెప్పించే పూచీ నాదని చెప్పాను.

ఆ పిల్ల నా మాటలన్నీ విని, అక్క వైపు తిరిగింది.

"ఇలా అడగడం నీకు ఎవరు నేర్పారక్కా?"

"సెకండియర్‌లో నేర్పుతారు. వార్డులో, పేషెంట్ పక్కన నిలబెట్టి."

"ఇది నేర్పుతారా?" ఆ పిల్ల ముఖంలో కోపం. నిజంగా కోపమే. "బకెట్టు చెప్పారు, కామెర్లు చెప్పారు, జుట్టు చెప్పారు. మరి ఇది చెప్పలేదేంటక్కా?"

కొట్టు అమ్మాయి ఆవిడ చెయ్యి వదలకుండా తల దించుకుంది. కళ్ళనిండా నీళ్ళు.

"ఆయ్... మరి సంతకం సంగతేంటండి?" అన్నారు ప్రిన్సిపాల్ గారు భయంభయంగా.

"వద్దు సార్. బైపీసీలోనే ఉంటాను."

ఆయన పెన్ను లాక్కుని జేబులో పెట్టుకున్న వేగం నేను జన్మలో మర్చిపోను. "ఇదేం పిల్లండీ బాబూ! సంతకానికని రెండు బస్సులు మారి వచ్చాను" అంది తల్లి. ఆవిడకి కోపం లేదని గొంతులోనే తెలుస్తోంది. సంగతి తెలిసి జూవాలజీ మేడం ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకున్నారు. మారతామన్న తక్కిన ముగ్గురిలో ఇద్దరు ఆగిపోయారు. ఒకమ్మాయి మాత్రం సీఈసీకి వెళ్ళింది, అక్కడ హాయిగా చదువుకుని హాయిగా నిద్రపోయింది, ఆ పిల్ల మీద నాకే ఫిర్యాదూ లేదు.

జంగారెడ్డిగూడెం పిల్ల ఇప్పుడు ఏం చదువుతోందని మీరడుగుతారు. చెప్పను. చెబితే వెంటనే ర్యాంకెంత అని అడుగుతారు, మీ సంగతి నాకు తెలీదా?

సాయంత్రం తల్లిని మా వ్యాన్‌లోనే బస్టాండు దాకా దింపుదామని బయల్దేరదీశాం. హాస్టల్ పిల్లలు గేటు దాటకూడదు కాబట్టి ఆ పిల్ల గేటు లోపలే ఆగింది. మా వాళ్ళంతా ఎక్కి కూర్చున్నారు. తల్లి మెట్టు మీద కాలు పెట్టబోతుంటే వెనకనుంచి పిల్ల పిలిచింది. గొంతు పెద్దది చేయలేదు గానీ, మాట మాత్రం గట్టిగా ఉంది.

"అమ్మా, పదిహేను రోజులకి మళ్ళీ రా. రెండు చేతులూ చూపించు."

"అలాగేనండి" అంది తల్లి.

అన్నాక తెలిసింది ఆవిడకి, అంటున్నది ఎవరితోనో. చటుక్కున నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేసింది. వ్యాన్‌లో మా వాళ్ళు నవ్వారు, నేనూ నవ్వాను, వాచ్‌మన్ కూడా నవ్వాడు.

ఆ పిల్ల మాత్రం నవ్వలేదు. తల్లి చేతుల వైపే చూస్తూ, "మర్చిపోకు" అంది.